మీ సందేహాలు – టీచరమ్మ జవాబులు: మోకరిస్తే తప్పా? జపమాలకు టైమెక్కడ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే గొడవ: మన కాథలిక గుళ్లలో పాత భక్తి, కొత్త పద్ధతులు. జ్ఞానాపురంలో నా దగ్గర సత్యోపదేశం (మన విశ్వాస పాఠాలు) నేర్చుకునే పిల్లలు కూడా ఈ మధ్య ఇవే అడుగుతున్నారు. అందుకే మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. నా వయసు 26. రుషికొండ వైపు ఒక ఐటీ ఆఫీసులో పని. కొంతకాలంగా పాత లాటిన్ పూజ మీద యూట్యూబ్ వీడియోలు చూస్తున్నాను. రెండవ వాటికన్ మహాసభ (1962–65లో రోములో జరిగిన బిషప్పుల సభ) తర్వాత వచ్చిన పూజ అసలు పూజే కాదని, సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) చేతిలో తీసుకోవడం అపచారమని వాటిలో చెబుతున్నారు. గుళ్లో హారతి ఇస్తుంటే నాకూ ఏదోలా ఉంటుంది. పోయిన నెల సత్ప్రసాదం కోసం మోకరిస్తే "లే బాబూ, లైను ఆగిపోతోంది" అని అందరి ముందూ అన్నారు. అప్పటి నుంచి ఆదివారం వస్తోందంటే టెన్షన్. పూజ మానేసి ఇంట్లోనే జపమాల చెప్పుకుంటే సరిపోదా? — ఒక పాఠకుడు, విశాఖపట్నం (విచారణ, అంటే తమ గుడి పరిధి, పేరు వేయొద్దన్నారు)

జవాబు: బాబూ, నీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. సరిపోదు. ఆరోగ్యం బాగుండి, గుడి అందుబాటులో ఉండి, కావాలని ఆదివారం పూజ మానడం చావైన పాపమని (ఆత్మను దేవునికి దూరం చేసే పెద్ద పాపమని) మా చిన్నప్పటి సత్యోపదేశంలో ఉంది. 1992లో రెండవ జాన్ పాల్ పోపు గారు ఇచ్చిన సత్యోపదేశ గ్రంథంలోనూ ఉంది. పాత విశ్వాసాన్ని కాపాడుకోవాలని బయల్దేరినవాడు మొట్టమొదట పాత ఆజ్ఞనే వదిలేస్తే ఇంక కాపాడుకునేది ఏముంటుంది?

ఇక మోకరించిన సంగతి. అందులో నీ తప్పేమీ లేదు. 2004లో రోము నుంచి ‘రెదెంప్సియోనిస్ సాక్రమెంతుమ్’ అనే ఉత్తరువు వచ్చింది. దాని 91వ పేరాలో ఉన్నది ఇదీ: మోకరించి తీసుకుంటాననో, నిలబడి తీసుకుంటాననో అన్నంత మాత్రాన ఏ విశ్వాసికీ సత్ప్రసాదం కాదనకూడదు. 92వ పేరా ప్రకారం నాలుక మీద తీసుకునే హక్కు ప్రతి విశ్వాసికీ ఎప్పుడూ ఉంటుంది. ఈ రెండు పేరాలూ ప్రింట్ తీసుకో. పూజ అయ్యాక ఫాదర్ గారిని విడిగా కలిసి, నెమ్మదిగా చూపించు. అందరి ముందూ వాదన పెట్టుకోవద్దు. ఆయన కంగారు నిజంగా లైను గురించే అయితే నువ్వు చివర్లో నిలబడు, వెనక ఎవరికీ అడ్డం ఉండదు. అయినా కాదంటే బిషప్ గారికి మర్యాదగా ఉత్తరం రాసుకోవచ్చు. విశ్వాసికి ఆ దారి ఎప్పుడూ ఉంది. అందరి ముందూ ఆ మాట పడ్డప్పుడు నీకెంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించగలను. దేవుని ముందు మోకరించిన మనిషిని లేపాల్సిన అవసరం ఏ గుళ్లోనూ రాకూడదు.

అయితే నీ పక్కన రెండు చేతులూ చాచి నిలబడ్డ ముసలావిడను తక్కువగా చూడకు. నాలుగో శతాబ్దంలో యెరూషలేము పీఠాధిపతి (బిషప్) పునీత సిరిల్ పేర వచ్చిన ఉపదేశంలో, రాజును అందుకోబోతున్నావు కాబట్టి నీ ఎడమ చేతిని కుడి చేతికి సింహాసనంగా పట్టు అని ఉంది. తర్వాతి శతాబ్దాల్లో సత్ప్రసాదం మీద గౌరవం కొద్దీ నాలుక మీద ఇవ్వడం స్థిరపడింది. 1969లో ఆరవ పౌలు పోపు గారు నాలుక మీద ఇచ్చే పద్ధతినే ఉంచుతూ, ఆయా దేశాల పీఠాధిపతులు కోరితే చేతిలో ఇవ్వడానికీ వీలు కల్పించారు. మన దేశంలో ఆ అనుమతి ఉంది. కాబట్టి అది అపచారం కాదు. అపచారం ఎక్కడ మొదలవుతుందో చెబుతాను. సత్ప్రసాదం చేతిలో పట్టుకుని నడుచుకుంటూ పోవడం, అరచేతిలో తునక ఏదైనా మిగిలిందేమోనని చూసుకోకపోవడం, ఏదో పంచిపెడుతున్నట్టు ఒంటి చేత్తో లాక్కోవడం. చేతిలో తీసుకునేవాళ్లు ఇచ్చినవారి ఎదుటే నోట్లో పెట్టుకోవాలి. మా క్లాసులో మొదటి సత్ప్రసాదం పిల్లలకు ఈ ఒక్కటీ వచ్చేదాకా వదలను.

"కొత్త పూజ పూజే కాదు" అన్న మాట తప్పు బాబూ. మెత్తగా చెప్పడానికి వీల్లేని తప్పు. ఆ వీడియోల్లో పదహారో శతాబ్దపు త్రెంత్ మహాసభ పేరు చాలాసార్లు విని ఉంటావు. ఆ మహాసభే 1562లో, దేవద్రవ్యానుమానాల (జ్ఞానస్నానం, సత్ప్రసాదం లాంటి పవిత్ర సంస్కారాల) సారం మార్చకుండా, వాటిని జరిపే తీరులో కాలాన్నీ చోటునూ బట్టి మార్పులు చేసే అధికారం తిరుసభకు (కాథలిక సంఘానికి) ఎప్పుడూ ఉందని ప్రకటించింది. 1570లో ఐదవ పయస్ పోపు గారు పూజ గ్రంథాన్ని ఒక క్రమంలో పెట్టింది ఏ అధికారంతోనో, 1969లో ఆరవ పౌలు గారు కొత్త గ్రంథానికి ఆమోదం ఇచ్చింది కూడా అదే అధికారంతో. అదే ఆరవ పౌలు గారు 1965లో సత్ప్రసాదం మీద లేఖ రాస్తూ, అప్ప ద్రాక్షారసాల రూపం మాత్రమే మిగిలి అవి క్రీస్తు శరీర రక్తాలుగా మారిపోతాయని త్రెంత్ చెప్పిన సత్యాన్ని మళ్లీ గట్టిగా నిలబెట్టారు. పాతదాన్ని పడగొట్టాలనుకున్నవారు రాసే లేఖ కాదది.

పాత రోజుల్లో ఏదీ మారలేదనుకోవడమూ పొరపాటే. తరచుగా సత్ప్రసాదం తీసుకోమని విశ్వాసులను ప్రోత్సహించింది పదవ పయస్ గారు, 1905లో. ఏడేళ్ల వయసుకే పిల్లలకు ఇవ్వొచ్చన్నది కూడా ఆయనే, 1910లో. సత్ప్రసాదానికి ముందు అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్న నియమాన్ని 1953లో సడలించి, 1957లో మూడు గంటల ఉపవాసం చేసింది పన్నెండవ పయస్ గారు. ఒక గంట చేసింది 1964లో. ఇప్పుడు ఆ గంట కూడా పాటించకుండా టిఫిను చేసి నేరుగా గుడికొచ్చేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అందులో దాచేదేమీ లేదు.

అసలు రెండవ వాటికన్ మహాసభ ఏం చెప్పిందో చదివినవాళ్లు తక్కువ. అటు మెచ్చుకునేవాళ్లూ చదవలేదు, ఇటు తిట్టేవాళ్లూ చదవలేదు. 1963 డిసెంబరు 4న వెలువడ్డ ఆరాధన పత్రంలో 36వ అంశం లాటిన్‌ను నిలబెట్టుకోమంది, ప్రజల భాషకూ చోటిచ్చింది. 54వ అంశం, పూజలో తమకు చెందిన జవాబులను విశ్వాసులు లాటిన్‌లోనూ చెప్పగలిగేలా చూడమంది. 116వ అంశం గ్రెగోరియన్ గానానికి మొదటి స్థానం ఇచ్చింది. 13వ అంశం జపమాల, సిలువ మార్గం లాంటి భక్తి క్రియలను మెచ్చుకుని, అవి పూజ నుంచి పుట్టి మనల్ని మళ్లీ పూజ దగ్గరికే తీసుకుపోవాలంది. నీకు లాటిన్ ఇష్టమా? గాయకబృందం దగ్గరికి వెళ్లి, పండుగ రోజు ఒక్క ‘సాంక్తుస్’ (‘పరిశుద్ధుడు’ అనే పూజ పాట) లాటిన్‌లో నేర్చుకుని పాడదామని అడుగు. అది మహాసభ కోరిందే. 1962 నాటి పూజ గ్రంథంతో పూజ, అంటే పాత లాటిన్ పూజ, కావాలంటే మాత్రం, 2021లో ఫ్రాన్సిస్ పోపు గారు ఇచ్చిన ఉత్తరువు ప్రకారం ఆ విషయం పీఠాధిపతి గారి చేతిలో ఉంటుంది. వినయంగా అడగొచ్చు. వీడియోలు చూసి కామెంట్లు పెట్టడం వల్ల మాత్రం ఏ పూజా జరగదు.

మా నాన్నగారు ఉపదేశి, అంటే పల్లెల్లో విశ్వాస పాఠాలు చెప్పేవారు. స్వాములవారి వెంట విజయనగరం వైపు పల్లెలు తిరిగేవారు. ‘ఎత్ కుమ్ స్పీరితు తువో’ (మీ ఆత్మతోనూ) అని లాటిన్ జవాబులు తడుముకోకుండా చెప్పేవారు. పల్లెల్లో ఆడవాళ్లు ఆ భాష తెలియక, పూజ జరుగుతున్నంతసేపూ వెనక కూర్చుని జపమాల తిప్పుకునేవారట. గంట మోగినప్పుడు మాత్రం అందరూ ఒక్కసారిగా వంగేవారట. తెలుగు పూజ వచ్చినప్పుడు నాన్నగారు ఇళ్లమ్మట తిరిగి ఆ జవాబులు నేర్పారు. సువిశేషం తమ మాటల్లో మొదటిసారి విన్న ఆడవాళ్లు ఎలా స్పందించారో ఆయన చెబుతుంటే ఎన్నిసార్లయినా వినబుద్ధయ్యేది. ఆ తర్వాత కూడా ఆయన మెడలో కార్మెల్ మాత ఉత్తరీయం (భక్తి గుర్తుగా వేసుకునే చిన్న గుడ్డ ముక్కల మాల) అలాగే ఉంది, సాయంత్రం జపమాల అలాగే సాగింది. కొత్తది వచ్చిందని పాతది వదిలేయలేదు, పాతది ఉందని కొత్తదాన్ని తోసేయలేదు. నీకు నేను చెప్పదలచుకున్నది కూడా అంతే.

హారతి విషయం. 1969లో మన పీఠాధిపతులు కోరిన 12 మార్పులకు రోము ఒప్పుకుంది. చెప్పులు బయట విడవడం, చేతులు జోడించి నమస్కరించడం, హారతి వాటిలోవే. మన ఆడవాళ్లు కొంగు తలమీద కప్పుకుంటే నీకు పాత భక్తిలా కనిపిస్తుంది కదా. హారతి పళ్లెం పట్టిన ఆడపిల్ల చేసేదీ భక్తే. నచ్చకపోతే తల వంచుకుని ప్రార్థించుకో, తప్పులేదు.

నీ బాధలో ఒక భాగం నాదీ. సత్ప్రసాదం తీసుకున్న మరుక్షణం కీబోర్డు హోరు మొదలవుతుంది. పూజకు ముందు గుళ్లో నిశ్శబ్దం ఉండదు. సత్ప్రసాదం ఉంచే మందసం ముందు నుంచి ఫోన్ మాట్లాడుకుంటూ నడిచిపోయేవాళ్లున్నారు. ఆఖరి ఆశీర్వాదం కాకముందే బయట బండ్లు స్టార్టవుతాయి. వీటికి మహాసభను తిట్టి లాభం లేదు, ఏ పత్రమూ ఇలా చేయమనలేదు. ఇది మనం మార్చుకోవలసింది. నువ్వు ఈ ఆదివారం పావుగంట ముందుగా వెళ్లి మోకాళ్ల మీద ఉండు. నిన్ను చూసి ఇంకో ఇద్దరు కుర్రాళ్లు మోకరిస్తారు. నీ వయసు పిల్లలు ఇలాంటి విషయానికి బాధపడుతున్నారంటే నాకు ఎంత ధైర్యంగా ఉందో చెప్పలేను.

ప్రశ్న: అమ్మా, మాది మధురవాడ. అత్తగారు మాతోనే ఉంటారు. రాత్రి భోజనానికి ముందు అందరూ కూర్చుని జపమాల పూర్తిగా చెప్పాల్సిందే అంటారు. అమ్మాయి ఇంటర్, బాబు టెన్త్. ట్యూషన్ నుంచి ఆకలితో వస్తారు. రోజూ గొడవే. పైగా గురువారం వెలుగు దేవరహస్యాలు (జపమాలలో ధ్యానించే ప్రభువు జీవిత ఘట్టాలు) చెబుదామంటే "అవి కొత్తగా పెట్టినవి, నేను చెప్పను" అని సంతోష దేవరహస్యాలే చెబుతారు. ఎవరిది సరైన పద్ధతి? — ఒక ఇల్లాలు

జవాబు: తల్లీ, గురువారం సంగతి తేలిక. రెండవ జాన్ పాల్ గారు 2002 అక్టోబరులో వెలుగు దేవరహస్యాలను సూచించారు. యోర్దాను నదిలో ప్రభువు జ్ఞానస్నానం, కానా పెండ్లి, దైవరాజ్య ప్రకటన, దివ్యరూప ధారణ, సత్ప్రసాద స్థాపన. ఇవి చెప్పడం మీ ఇష్టానికే వదిలారు, తప్పనిసరి చేయలేదు. అంతకుముందు గురువారం సంతోష దేవరహస్యాలే చెప్పేవారు. మీ అత్తగారు చేసేది తప్పు కాదు. ఆవిడతో ఒకసారి ఈ మాట అను: "అత్తయ్యా, కానా పెండ్లిలో మరియమాత మాట విని ప్రభువు మొదటి అద్భుతం చేశారు కదా, ఆ రహస్యం మీరే చెప్పండి." ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోతే గురువారం గురించి గొడవ పడేంత పెద్ద విషయం కాదిది.

పిల్లల ఆకలి మాత్రం పెద్ద విషయమే. దానికి సలహా మన విశాఖ చరిత్రలోనే ఉంది. 1846లో ఇక్కడికి ఫ్రాన్సాలియన్ స్వాములు (ఒక గురువుల సంఘం) వచ్చారు. ఆల్ప్స్ కొండల దగ్గర ఆన్నెసీ అనే ఊరి నుంచి. ఆ స్వాములు తమ పాలకుడిగా ఎంచుకున్న పునీత ఫ్రాన్సిస్ సాలెస్ 1609లో గృహస్థుల కోసం ఒక పుస్తకం రాశారు. భక్తి అందరికీ ఒకేలా కుదరదని, సన్యాసికి ఒకలా, పెళ్లయినామెకు ఒకలా, పనివాడికి ఒకలా ఉండాలని, మనిషి చేయాల్సిన పనిని చెడగొట్టే భక్తి నిజమైన భక్తి కాదని అందులో చెప్పారు. మీ ఇంటికి ఇంతకన్నా మంచి సలహా నా దగ్గర లేదు.

కాబట్టి పిల్లలకు ముందు అన్నం పెట్టు. భోజనం అయ్యాక టీవీ, ఫోన్లు పక్కన పెట్టి, కొవ్వొత్తి వెలిగించి కూర్చోండి. ఐదు రహస్యాలకు ఇరవై నిమిషాలు పడుతుంది. పరీక్షల రోజుల్లో పిల్లలు ఒక్క రహస్యం చెప్పి లేవొచ్చు. మిగతాది అత్తగారూ నువ్వూ పూర్తి చేయండి. ఒక్కొక్క రహస్యం ఒక్కొక్కరు మొదలుపెట్టాలి. బాబుకు దుఃఖ దేవరహస్యాలు అప్పగించు. మగపిల్లలు సిలువ మోసిన ఘట్టం దగ్గర శ్రద్ధగా ఉంటారు, ఇది క్లాసులో నేను చూసిందే. కుటుంబమంతా కలిసి జపమాల చెబితే మామూలు షరతులతో (ఫాదర్ గారికి పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం, సత్ప్రసాదం, పోపు గారి ఉద్దేశాల కోసం ప్రార్థన) పరిపూర్ణ పాపదండ పరిహారం (క్షమించిన పాపాలకు మిగిలిన శిక్ష పూర్తిగా తీరడం) కూడా దొరుకుతుందని అత్తగారికి తెలిసే ఉంటుంది. పిల్లలకూ చెప్పు. అలసిపోయి మధ్యలో నిద్రపోతే తిట్టొద్దు. జపమాల పూర్తిగా చెప్పకపోవడం పాపం కాదు. రోజూ దానిమీద పోట్లాటలు పెట్టుకుని పిల్లలకు మరియమ్మ పేరు చెబితేనే విసుగు వచ్చేలా చేస్తే, అది మాత్రం చాలా నష్టం.

ప్రశ్న: ప్రతి డిసెంబరు 8న పండుగకు రాస్ హిల్ మీది మరియమ్మ కొండగుడికి వెళ్లి కొవ్వొత్తి వెలిగిస్తాను. పక్కింటి అక్క వేరే సంఘానికి వెళ్తుంది. "అది విగ్రహారాధన, బైబిల్లో లేదు" అంటుంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. అబ్బాయి ఉద్యోగం కోసం ఈ ఏడు మొక్కు కూడా ఉంది. — ఒక అక్క, కంచరపాలెం

జవాబు: అమ్మా, మొదట ఆ పండుగ దేని గురించో మీకు స్పష్టంగా ఉండాలి. చాలామంది కాథలికులే పొరబడుతుంటారు. డిసెంబరు 8 యేసు ప్రభువు కన్యగర్భాన పడిన సంగతి గురించి కాదు. మరియమ్మ తన తల్లి గర్భంలో పడిన క్షణం నుంచే జన్మపాపం అంటకుండా దేవుడు కాపాడాడన్న సత్యం గురించి. 1854లో అదే రోజున తొమ్మిదవ పయస్ పోపు గారు దాన్ని విశ్వాస సత్యంగా ప్రకటించారు. నాలుగేళ్లకు, 1858లో, లూర్దులో బెర్నదెత్తు అనే పేదపిల్లకు అమ్మ కనిపించి "నేను అమలోద్భవిని" (జన్మపాపం లేకుండా గర్భంలో పడినదాన్ని) అంది. ఆ కాపాడడం మరియమ్మ సొంత శక్తితో జరిగింది కాదు, రాబోయే తన కుమారుడి సిలువ ఫలితంగా జరిగింది. అంటే మరియమ్మకు కూడా రక్షకుడు క్రీస్తే. మీ పక్కింటి అక్కకు ఈ మాట చెప్పండి, ఆశ్చర్యపోతుంది.

విగ్రహం గురించి 787లోనే రెండవ నీకేయా మహాసభ తేల్చింది. ఆరాధన దేవునికి ఒక్కడికే. పునీతుల స్వరూపాలకు ఇచ్చేది గౌరవం, అది ఆ స్వరూపం ఎవరిదో వారికే చేరుతుంది. "బైబిల్లో లేదు" అంటే నిర్గమకాండం 25వ అధ్యాయం తీసి చూపించండి. మందసం మీద బంగారు కెరూబుల (దేవదూతల) ప్రతిమలు చేయమని దేవుడే ఆజ్ఞాపించాడు. దేవుడు వద్దన్నది ప్రతిమను దేవుడనుకుని కొలవడాన్ని. మరియమ్మ ముందు నిలబడి మనం అడిగేది "మా కోసం ప్రార్థించండి" అని. జపమాలలో చెప్పే మంగళవార్త జపంలో సగం లూకా సువిశేషంలోని మాటలే, దేవదూతవీ ఎలీశబెత్తమ్మవీ. అక్కతో వాదించి గెలవాలని చూడకండి. ఆమె బైబిలు బాగా చదువుతుంది కాబట్టి, కలిసి ఆ అధ్యాయం చదవండి.

మొక్కు తప్పు కాదు. కానీ మొక్కంటే దేవునికి చేసే ప్రమాణం. తూకం వేసుకుని చేసే బేరం కాదు. ఉద్యోగం వస్తేనే కొవ్వొత్తి అనుకోకండి. రాకపోయినా వెలిగించండి. వీలైతే ఆ రోజు కొండ ఎక్కకముందు పాపసంకీర్తనం చేసి, పూజలో సత్ప్రసాదం తీసుకోండి. కానాలో మరియమ్మ సేవకులతో చెప్పింది ఒక్కటే: "ఆయన చెప్పినట్లు చేయుడు." పండుగకు వెళ్లి పూజ వినకుండా, కొవ్వొత్తి వెలిగించి మెట్లు దిగి వచ్చేయడం అమ్మ మాట సగం వినడమే. మరో సంగతి. ఆ వరసలోనే దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ ఉన్నాయి. హార్బరులోకి వచ్చే ఓడలకు మూడూ కనిపిస్తాయి. పండుగ రోజు మన కొండకు వేరే మతాల వాళ్లు కూడా వస్తారు. వాళ్లకు దారిచ్చి, కూర్చోవడానికి చోటిచ్చి, మంచినీళ్లివ్వండి. అమ్మ పండుగకు వచ్చినవాళ్లు అమ్మ ఇంటి చుట్టాలు.

ప్రశ్న: నాన్నగారికి 80 దాటాయి. తాను పోయాక దహనం చేసి, అస్థికలు భీమిలి దగ్గర సముద్రంలో కలపమంటున్నారు. మన తిరుసభ ఒప్పుకుంటుందా? — ఒక కొడుకు, సీతమ్మధార

జవాబు: దహనానికి 1963 నుంచి అనుమతి ఉంది. పునరుత్థానాన్ని కాదనే ఉద్దేశంతో కోరనంతవరకు తిరుసభ అడ్డు చెప్పదు, భూస్థాపనకే మొగ్గు చూపుతుంది. సముద్రంలో కలపడానికి మాత్రం ఒప్పుకోదు. 2016లో రోము ఈ విషయం స్పష్టంగా చెప్పింది: అస్థికలను గాలిలో, నేలమీద, నీటిలో చల్లకూడదు, ఇంట్లో పెట్టుకోకూడదు, సమాధుల తోటలాంటి పవిత్ర స్థలంలో ఉంచాలి. జ్ఞానస్నానంలో పవిత్రాత్మకు ఆలయమైన శరీరమిది, మళ్లీ లేవబోయే శరీరమిది. దానికి ఒక చోటు, ఒక పేరు, మనవళ్లు వచ్చి ప్రార్థించడానికి ఒక రాయి ఉండాలి. నాన్నగారు ఇప్పుడు బాగున్నారు కాబట్టి ఇప్పుడే ఫాదర్ గారిని ఇంటికి పిలిచి, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించండి. తర్వాత అన్నదమ్ముల మధ్య తగువు ఉండదు.

పోయినవాళ్ల కోసం ప్రార్థించడం ఈ రోజుల్లో నెమ్మదిగా తగ్గిపోతోంది. "నాన్న పరలోకంలో ఉన్నారు" అని వెంటనే అనేసుకుంటాం. దేవుని స్నేహంలో చనిపోయినా ఇంకా శుద్ధి కావాల్సిన ఆత్మలు ఉత్తరించు స్థలంలో ఉంటాయని, మన ప్రార్థనలు, పూజలు వాళ్లకు సాయపడతాయని తిరుసభ నేటికీ బోధిస్తోంది. నవంబరు 1 నుంచి 8 వరకు సమాధుల తోటకు వెళ్లి మృతుల కోసం ప్రార్థిస్తే, మామూలు షరతులతో, వారి కోసం పరిపూర్ణ పరిహారం పొందవచ్చు. నవంబరు 2న పూలు, కొవ్వొత్తులు పెట్టి వచ్చేస్తున్నాం. పూజ కూడా చెప్పించండి.

ప్రశ్న: ఫోన్లో లైవ్ పూజ చూస్తే ఆదివారం బాధ్యత తీరినట్టేనా? — గాజువాక

జవాబు: మంచం పట్టినవాళ్లకు, వాళ్లను విడిచి రాలేనివాళ్లకు ఆ బాధ్యతే ఉండదు. వాళ్లు చూస్తే మేలు. మీరు నడవగలిగితే తీరదు. ఇంట్లో రోగి ఉంటే సత్ప్రసాదం ఇంటికి తెమ్మని విచారణలో అడగండి, తెస్తారు.

ప్రశ్న: ఓడల మీద పని చేసి రిటైరయ్యాను. 30 ఏళ్లయింది పాపసంకీర్తనం చేసి. జపాలు మర్చిపోయాను. ఫాదర్ గారు నా గొంతు గుర్తుపడతారని సిగ్గు. నాలాంటివాణ్ణి ఇప్పుడు రానిస్తారా? — మల్కాపురం

జవాబు: అన్నయ్యా, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు మీదే ముఖ్యమైనది. రానిస్తారు. మీకోసమే ఆ చోటు ఉంది.

ఏడాదికి ఒకసారైనా పాపసంకీర్తనం చేయాలని 1215లో నాలుగో లాతరన్ మహాసభ నియమం పెట్టింది. ఆ నియమం తప్పినందుకు మిమ్మల్ని గుమ్మంలో నిలబెట్టి లెక్కలు అడగరు. దాన్నే మొదటి పాపంగా చెప్పేస్తే అయిపోతుంది. గొంతు గురించి భయపడకండి. మీరు చెప్పింది గురువు (ఫాదర్ గారు) ఏ కారణం చేతా, తన ప్రాణం మీదికి వచ్చినా, ఎవరికీ చెప్పకూడదు. ఆ గుట్టు నేరుగా విప్పిన గురువు ఆ క్షణంలోనే తిరుసభ నుంచి వెలి అవుతాడు. ముఖాముఖి కూర్చోవడం ఇష్టం లేకపోతే తెర చాటు నుంచి చేసే హక్కు మీకుంది. మీ విచారణలో కష్టమనిపిస్తే వేరే విచారణకు వెళ్లండి, ఎవరూ తప్పుపట్టరు.

ముందురోజు రాత్రి పది ఆజ్ఞలు ఒక్కొక్కటిగా చదువుకోండి. ఒక్కో ఆజ్ఞ దగ్గరా ఆగి, ఏం చేశారో, ఇంచుమించు ఎన్నిసార్లో గుర్తు తెచ్చుకోండి. పెద్ద పాపాలు దాచకుండా చెప్పాలి. 30 ఏళ్ల చిన్న చిన్న సంగతులన్నీ తవ్వక్కర్లేదు. నిజంగా మర్చిపోయినవి కూడా ఆ క్షమాపణలోనే పోతాయి, తర్వాత గుర్తొస్తే మరోసారి చెప్పుకోండి. కావాలంటే కాగితం మీద రాసుకుని వెళ్లి, తర్వాత చింపేయండి. శనివారం సాయంత్రం రద్దీగా ఉంటుంది కాబట్టి ఫాదర్ గారికి ముందే ఫోన్ చేసి, "చాలా ఏళ్ల తర్వాత వస్తున్నాను, అరగంట టైమివ్వండి" అని అడగండి. లోపలికి వెళ్లాక కూడా మొదటి మాటగా అదే చెప్పండి. పశ్చాత్తాప జపం గుర్తు లేకపోతే ఆయనే ఒక్కొక్క మాటా చెప్పిస్తారు, వెనకాల మీరు అంటే చాలు.